పట్టాల పక్కన ఇల్లు

రాలిపోయే ఆకుల్ని చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కుతారంటే మొదట నేను నమ్మలేదు. రాలిన ఆకులంటే మనకి చీపురు గుర్తొస్తుంది గానీ టిక్కెట్టు గుర్తొస్తుందా? వాకిట్లో వేపచెట్టున్న ఏ ఇల్లాలినైనా అడగండి, మాఘ ఫాల్గుణాల్లో తన నడుం సంగతి చెబుతుంది.

అయినా, బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్టోబరు మొదట్లో ఓ శనివారం తెల్లవారకుండానే నన్ను లేపి కారులో కూచోబెట్టారు. "ఇవాళ కాకపోతే మళ్ళీ ఏడాదే అమ్మా" అంది అమ్మాయి. పులిహోర పొట్లాలు మాత్రం నేను కట్టాను. ఎంత అమెరికా అయినా రైలు రైలే కదా!

న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని తెల్లకొండల మధ్య నార్త్ కాన్వే అనే చిన్న ఊరుంది. 1874లో కట్టిన స్టేషను ఇప్పటికీ ముచ్చటగా నిలబడి ఉంది. అక్కణ్ణించి క్రాఫర్డ్ కనుమ దాకా పోనూ రానూ దాదాపు ఐదు గంటల ప్రయాణం. పెట్టెకో గైడు మైకు పట్టుకుని కథలు చెబుతుంటాడు. కొంతదూరం పోయేసరికి కిటికీ అవతల కొండలన్నీ పసుపూ కుంకుమా ఆరబోసినట్టు కనిపించాయి. ఒప్పుకోవాలి, నా నోట మాట రాలేదు.

పసుపు రంగు ఆకులో మొదట్నుంచీ ఉంటుందట. వేసవి అంతా పచ్చదనం దాన్ని కప్పేస్తుంది. చలి మొదలై ఆ పచ్చదనం విరిగిపోతే అడుగున ఉన్నది బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే, ఆకులో చిక్కుకుపోయిన చక్కెరతో మేపుల్ చెట్టు ఆ ఎరుపుని అప్పటికప్పుడు తయారుచేస్తుంది. వెళ్ళిపోయే ముందు ఇంత ముస్తాబెందుకో అనుకున్నాను.

ఈ దారి ఆకుల కోసం వేసింది కాదు. సముద్రం ఒడ్డునున్న పోర్ట్‌లండ్ పట్నం వర్తకులు, ఎక్కడో కెనడా సరిహద్దులో ఉన్న ఆగ్డెన్స్‌బర్గ్ దాకా సరుకుల రైలు నడపాలనుకున్నారు. మధ్యలో ఈ కొండలు అడ్డం. జాన్ ఆండర్సన్ అనే ఇంజనీరు కొండవాలు అంచునే చెక్కుకుంటూ పట్టాలు వేయించాడు. 1875లో రైలు కనుమ దాటింది. ఎక్కుడు మైలుకు 116 అడుగులు. శుభమా అని నూటపదహార్లు చదివించినట్టు లేదూ! ఇంతా చేస్తే ఆ కంపెనీ పట్టాలు ఆగ్డెన్స్‌బర్గ్ దాకా ఎన్నడూ వెళ్ళనేలేదు.

రైలు వచ్చాక ఆ కొండల్లోకి యాత్రికులొచ్చారు, కలప వ్యాపారులూ వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి చాలాచోట్ల కొండలు బోడివైపోయాయి. 1911లో అడవులు కొనడానికి చట్టం చేసి, 1918లో ఇక్కడ జాతీయ అరణ్యం ఏర్పాటు చేశారు. పక్కనే ఉన్న ఫ్రాంకోనియా కనుమని 1928లో కొనాల్సి వచ్చినప్పుడు, ఆ రాష్ట్రంలోని మహిళా సంఘాలు కూడా చందాల పనికి నడుం కట్టాయి. చెట్టుకో డాలరు చొప్పున జనం చేత కొనిపించారు. కాబట్టి మనం అనాదిగా ఉందనుకునే ఈ అడవి చాలామటుకు ఈ రైలుకంటే చిన్నది.

ఇంతలో రైలు ఒక ఇనప వంతెన మీదికొచ్చింది. పేరు ఫ్రాంకెన్‌స్టైన్! పొడవు 500 అడుగులు దాటింది, ఎత్తు 80 అడుగుల పైమాట. సినిమాలో రాక్షసుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదట. గాడ్‌ఫ్రీ ఫ్రాంకెన్‌స్టైన్ అనే చిత్రకారుడు ఈ కొండల బొమ్మలు గీసేవాడు, పక్కనున్న కొండచరియకి ఆయన పేరు పెట్టారు. నేను మాత్రం కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. అరకు రైల్లోనూ నాది ఇదే వరస.

కళ్ళు తెరిచేసరికి గైడు లోయ అడుగుకి చెయ్యి చూపిస్తున్నాడు. అక్కడ శామ్యూల్ విల్లీ అనే ఆయన 1825లో భార్యనీ అయిదుగురు పిల్లల్నీ తీసుకొచ్చి, బాటసారులకి బస నడిపాడు. మరుసటి ఏడు ఆగస్టు 28 రాత్రి కుంభవృష్టికి కొండ విరిగిపడింది. ఇంట్లో ఉంటే ప్రమాదమని అందరూ బయటికి పరుగెత్తారు. ఆ ఏడుగురూ, ఇద్దరు పనివాళ్ళూ పోయారు. ముగ్గురు పిల్లల ఆనవాలే దొరకలేదు. ఇంటి వెనకనున్న బండ అడ్డుపడి మట్టిపెళ్ళలు రెండుగా చీలిపోవడంతో ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాత ఆ ఇల్లు చూడ్డానికే జనం బారులు తీరారు. ఈ కనుమకి యాత్రికులు రావడం అలా పెరిగింది. వింటుంటే పులిహోర గొంతు దిగలేదు.

ఇంకొంచెం పైకెళ్ళి, విల్లీ వాగు వంతెన దగ్గర, చెట్ల మధ్య ఒక చోటు చూపించాడు. ఒకప్పుడు అక్కడో ఇల్లుండేది. పట్టాల బాగోగులు చూసే గ్యాంగు మేస్త్రీకీ, కూలీలకీ రైల్వే వాళ్ళు కట్టించిన ఇల్లు. రోడ్డు లోయ అడుగున ఎక్కడో ఉంది. ఈ ఇంటికి దారి అంటే రైలుదారే. 1903లో లోరింగ్ ఎవన్స్ అనే మేస్త్రీ భార్య హాటీతో ఇక్కడికొచ్చాడు. 1913లో క్రాఫర్డ్ యార్డులో పనిచేస్తూ రైలు ప్రమాదంలో పోయాడు. హాటీ చేతికింద నలుగురు పిల్లలు.

ఆవిడ వెళ్ళిపోలేదు. ఆ ఇంట్లోనే ఉండి, గ్యాంగు వాళ్ళకి వండిపెడుతూ, బస నడుపుతూ, పిల్లల్ని పెంచింది. భర్తని తీసుకుపోయిన రైలే గుమ్మం ముందునుంచి రోజూ వెళ్తుంటే, ఆ చప్పుడు వింటూ పొయ్యి రాజేసుకుంది. 1942 దాకా అక్కడే ఉంది.

గైడు తర్వాతి కథకి వెళ్ళిపోయాడు గానీ నేను అక్కడే ఆగిపోయాను. నాకు మా పిన్ని గుర్తొచ్చింది. బాబాయి ఉద్యోగంలో ఉండగానే పోయాడు. మూడో నెల తిరక్కుండానే, కంపెనీ వాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. ఇద్దరు పిల్లలతో, రెండు ట్రంకు పెట్టెలతో మా ఇంటికొచ్చింది. తను నాటిన కరివేపాకు మొక్క తెచ్చుకోలేకపోయానని చాన్నాళ్ళు బాధపడేది. మొగుడు పోయిన దుఃఖం గురించి ఎన్నడూ మాట్లాడలేదు గానీ, ఆ మొక్క గురించి మాట్లాడేది.

ఈ దారిలో 1958లో ప్రయాణికుల రైళ్ళు, 1983లో సరుకుల రైళ్ళు ఆగిపోయాయి. హాటీ ఇంటిని 1970ల్లోనే పడగొట్టేశారు. కాన్వే వాళ్ళ విహారపు రైలు 1995 నుంచి ఈ కనుమ దాకా వస్తోంది. ఇప్పుడు పట్టాల మీద నడిచేది ఆకులు చూసే మాలాంటి వాళ్ళ కోసమే.

తిరుగు ప్రయాణంలో చిన్న వాన పడింది. తడి ఆకులు చక్రాల కింద నలిగితే పట్టాలు సబ్బు రాసినట్టు జారతాయని, అప్పుడు ఇంజను ఇసుక చల్లుకుంటూ పోవాలని అల్లుడు చెప్పాడు. ఆవిడకి అక్టోబరంటే ఏమై ఉంటుందో అప్పుడు తోచింది. ఈ ఎరుపు కనబడగానే రాబోయే మంచు లెక్కలోకొచ్చి ఉంటుంది. కట్టెలు, పిండి, దుంపలు, పిల్లల ఉన్ని బట్టలు. వచ్చినవాళ్ళకి ఆకులు పండగ, ఉన్నవాళ్ళకి అవి కేలండరు.

స్టేషన్లో దిగాక ఒక ఎర్ర ఆకు ఏరి డైరీలో పెట్టుకున్నాను. రాత్రి విజయవాడకి ఫోను చేసి పిన్నికి ఈ కథంతా చెప్పాను. ఆకుల గురించి ఆవిడ ఒక్క ముక్కా అడగలేదు.

"ఆయన పోయాక ఆ ఇంట్లో ఎన్నాళ్ళుండనిచ్చారే?" అంది.

"ఇరవై తొమ్మిదేళ్ళు పిన్నీ."

"మంచివాళ్ళే" అంది. కాసేపాగి, "ఎంతమందికి వండేదో పాపం, ఊరికే ఉండనిస్తారా?" అంది.