చెరువు నుంచి కొళాయి దాకా: కట్టిన తర్వాత చూసేదెవరు?

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ముందు పేజీల్లో చూసినారు. ఈ నాలుగు పేజీలు చరిత్రకు కేటాయించాం. గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ మధ్య ఒక మాట పదే పదే వస్తా ఉంది. "ఫలానా కంపెనీవాళ్లు మన పక్కనే రోడ్డు పని చేస్తా ఉన్నారు కదా, సంఘం బిల్డింగుకు సాయం అడుగుదామా? ఫలానా కాంట్రాక్టరు జాతరకు చందా రాసినాడు, బడికి గేటు పెట్టించినాడు, మనకు నీళ్ల ప్లాంటు పెట్టించమంటే కాదంటాడా?" అడగడంలో తప్పేమీ లేదు. కట్టుబడి పని చేయించేవాళ్ల దగ్గర ఊరి మంచి కోసం అడగడం మన సీమలో ఆరేడు వందల ఏండ్ల నాటి నుంచి ఉన్నదే. అయితే అప్పటివాళ్లు చెరువు కట్టేటప్పుడే ఒక ఏర్పాటు చేసుకునేవాళ్లు. ఆ ఏర్పాటు గురించే మా మాట.

అనంతపురం ఊరికి ఆనుకొని ఉన్న పెద్ద చెరువుతో మొదలుపెడదాం. 1364లో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా ఈ చెరువు కట్టించినాడని చెబుతారు. కట్టకు ఒక కొసన రాజు పేరుతో బుక్కరాయసముద్రం, ఇంకో కొసన రాణి పేరుతో అనంతసాగరం వెలిసినాయి. ఆ అనంతసాగరమే తర్వాత అనంతపురం అయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట ఒక మంత్రి పేరు నిలవాలంటే కోట కంటే చెరువే మేలని వాళ్లకు తెలుసు.

ఈ చెరువు కట్ట మీదే ముసలమ్మ కథ ఉంది. కట్టకు గండి పడే గతి వచ్చిందనీ, బుక్కరాయసముద్రం బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప ఊరు నిలవదని మాట వినిపించిందనీ, ఆమె తనంతట తానే గండిలోకి నడిచిందనీ కథ. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో దీన్నే 'ముసలమ్మ మరణం' అని కావ్యంగా రాసినారు. కథను కథగానే తీసుకుందాం. కానీ ఒక్కటి గమనించండి. చెరువు కట్టించినందుకు రాజుకూ మంత్రికీ పేరు వచ్చింది. కట్ట తెగేటప్పుడు మాత్రం ఊరికి గుర్తొచ్చింది ఒక ఇంటి చిన్న కోడలు.

మన పక్కనే కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం ఇంకా ఉంది. చెరువు పని గురించి ఇంత వివరంగా రాసిన శాసనాలు దేశంలోనే తక్కువ. చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ అందులో చెక్కించినారు. కట్టలో నుంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం ఇంకొకటి, అంటే తగాదా వస్తుందని. నీళ్లు కొంచెం ఉండి తడపాల్సిన నేల ఎక్కువ ఉండడం కూడా దోషమే. ఈ చివరి మాట మన బోర్ల కింద సాగుకు ఇప్పటికీ సరిపోతుంది.

ఇక పన్నెండు అంగాల్లో మొదటిది చూడండి: ధర్మబుద్ధీ, సంపదా ఉండి, కీర్తి కోరుకునే రాజు కావాలట. రెండోది, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. డబ్బిచ్చేవాడికి పేరు మీద ఆశ ఉంటుందని వాళ్లు దాచుకోలేదు, రాయి మీదే రాసినారు. ఇప్పుడు శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలని గొడవలు పడేవాళ్లను చూసి మనం నవ్వుకుంటాం గానీ, ఆ ఆశ వల్లే చెరువులు లేచినాయన్నది నిజం. కాబట్టి ఏదైనా కంపెనీ సాయం చేసి బోర్డు పెట్టుకుంటామంటే మాకు అభ్యంతరం లేదు. పెట్టుకోనీ.

అదే శాసనం ఇంకో లెక్క చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, పని పూర్తి కావడానికి రెండేండ్లు. కట్టించినవాడి వంశం అంతా శ్లోకాల్లో ఉంది. మట్టి గంపలు ఎత్తిన ఆ వెయ్యి మంది మాత్రం ఒక అంకెగానే మిగిలినారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఆ కాలంలో చెరువు తవ్వించి ఊరుకుంటే పని అయిపోయినట్టు కాదు. కట్ట మీద తుమ్మ చెట్లు మొలవకుండా చూడాలి, ఎలుక బొక్కలు పూడ్చాలి, తూము బాగు చేయాలి, మరువ దగ్గర రాళ్లు జారితే మళ్లీ పేర్చాలి. ఈ పనులు చేసేవాళ్లకు చెరువు కింద కొంత భూమి పన్ను లేకుండా రాసిచ్చేవాళ్లు. దాన్నే దశబంధం అనేవాళ్లు. పదో వంతు అన్న లెక్క నుంచి వచ్చిన పేరు అది. చెరువు బాగుంటే ఆ ఇనాం భూమి పండుతుంది, కట్ట తెగితే అది కూడా ఎండుతుంది. చూసుకునేవాడి అన్నం చెరువు నీళ్లతోనే ముడిపడి ఉంది. సీమ జిల్లాల్లో పాత రెవెన్యూ రికార్డుల్లో దశబంధం ఇనాములు బోలెడు కనిపిస్తాయి. పోను పోను ఆ భూములు మామూలు భూములైపోయినాయి, చెరువులు సర్కారువైపోయినాయి. కట్ట మీద తుమ్మ చెట్లు పెరిగినాయి.

కంపెనీ దొరల కాలం, తర్వాత రాణిగారి కాలం గురించి ఎక్కువ చెప్పం. ఒక్క ముక్క చాలు. 1876-78 ధాత కరువులో, మన ప్రాంతం ఇంకా బళ్లారి జిల్లా కింద ఉన్నప్పుడు (అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో), కరువు పనుల్లో రోడ్లు వేయించినారు, చెరువులు పూడిక తీయించినారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలి తగ్గించినాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అరకిలో కంటే తక్కువ, పైన ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు దాంట్లో కూడా కోతే. ఉపాధి పనిని మన పల్లెల్లో ముసలివాళ్లు ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. ఆ మాట వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక మనలో నలభై దాటినవాళ్లందరూ కండ్లారా చూసిన కట్టుబడి పనికి వస్తాం. 1994 చివర్లో పుట్టపర్తి సత్యసాయి సెంట్రల్ ట్రస్టు అనంతపురం జిల్లాకు తాగునీళ్లు ఇస్తామని ప్రకటించింది. అప్పట్లో మన ఊళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది? బోరింగు దగ్గర బిందెల వరుస, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూపు, ఫ్లోరైడు నీళ్లు తాగి గారపట్టిన పండ్లు, వంగిపోయిన మోకాళ్లు. ట్రస్టుది భక్తులు ఇచ్చిన విరాళాల డబ్బు. కట్టింది ఎల్ అండ్ టి కంపెనీ. 1938లో బొంబాయిలో ఇద్దరు డెన్మార్క్ ఇంజనీర్లు, లార్సెన్, టూబ్రో, పెట్టిన కంపెనీ అది. 1991లో మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని కట్టింది కూడా వాళ్లే. డబ్బిచ్చినవాళ్లు వేరు, కట్టినవాళ్లు వేరు అన్నది గుర్తుపెట్టుకోండి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు.

పని మాత్రం మామూలుది కాదు. 731 పల్లెలు, కొన్ని పట్నాలు. 2,000 కిలోమీటర్లకు పైగా పైపులైను. 268 ఓవర్‌హెడ్ ట్యాంకులు. వీధుల్లో 1,500కు పైగా సిమెంటు తొట్లు, ఒక్కోదానికి 2,500 లీటర్లు, నాలుగు కొళాయిలు. కొన్ని ఊళ్లకు చిత్రావతి, పెన్నహోబిలం రిజర్వాయర్ల నుంచి, కొన్నింటికి చిత్రావతి, పెన్న, హగరి ఇసకలో తవ్విన బావుల నుంచి, మిగతావాటికి లోతు బోర్ల నుంచి నీళ్లు ఇచ్చినారు. దాదాపు 300 కోట్ల రూపాయల పని, 18 నెలల్లో అయిపోయింది. ప్రభుత్వ బడ్జెట్టు నుంచి పైసా లేకుండా ఇంత పని జరిగిందని తొమ్మిదో పంచవర్ష ప్రణాళికలో కూడా రాసినారు. 1999లో దీని మీద తపాలా బిళ్ల కూడా వచ్చింది. తొట్టి దగ్గర కొళాయి తిప్పితే నీళ్లు పడిన రోజు, నెత్తి మీద బరువు దిగింది ముందు ఆడోళ్లకే.

అయితే చెరువుకు తుమ్మ చెట్లు పెరిగినట్టే దీనికీ ఒక కష్టం వచ్చింది. పథకం సర్కారు చేతికి వచ్చాక నడిపే ఖర్చంతా ఏడాదేడాది వచ్చే ప్రభుత్వ నిధుల మీదే ఆధారపడింది. పంపులు తిప్పే, పైపులు బాగుచేసే కార్మికులకు నెలల తరబడి జీతాలు రాక సమ్మెకు దిగినారన్న వార్తలు పేపర్లలో ఎన్నోసార్లు చదివినాం. వాళ్లు సమ్మె చేస్తే మళ్లీ బిందెలు ఎత్తేది మనమే. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలింది, పైపులు మాత్రం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు రెంటిలోనూ పారుతున్నాయి. కట్టడానికి 18 నెలలు పట్టింది. నడపడానికి పాతిక ముప్పై ఏండ్లుగా వెతుకులాటే. 300 కోట్ల పనికి దశబంధం లాంటి ఏర్పాటు ముందే ఉండుంటే కథ వేరేగా ఉండేది అని మా అభిప్రాయం.

పెద్ద కంపెనీ లేకుండా జరిగిన కట్టుబడి కూడా మన జిల్లాలో ఉంది. 1969లో వచ్చిన ఫాదర్ ఫెర్రర్, అన్నె ఫెర్రర్ గార్ల ఆర్.డి.టి. సంస్థ స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా పంపే చందాలతో ఇండ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి కట్టింది. ఇండ్లను ఆడమనిషి పేరు మీదే రాయించడం వాళ్ల పద్ధతి. మన జిల్లాలో ఎంతమంది తల్లులు ఇంటి పట్టా మీద తమ పేరు మొదటిసారి చూసుకున్నది అక్కడేనో! తర్వాత పల్లెల్లోనూ హుండీలు పెట్టి, ఇక్కడివాళ్లే ఇక్కడివాళ్లకు ఇచ్చే అలవాటు చేసినారు. పొదుపు డబ్బు పెట్టె మనకు కొత్త కాదు కాబట్టి ఆ హుండీ కూడా తొందరగా మనదైంది. ఇక 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీలో కాంట్రాక్టరుకు చోటే లేదని చట్టమే రాసింది. ఆడ మగ తేడా లేకుండా ఒకే కూలి అన్నారు. టెంపుల్ దొర పౌను గింజల నుంచి అక్కడికి రావడానికి నూట ముప్పై ఏండ్లు పట్టింది.

ఇప్పుడు మన మీటింగు మాటకు వస్తే, ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకు ఒక చట్టం ఉంది. ఏడాదికి నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర ఆస్తి విలువ 500 కోట్లు దాటితే, మూడేండ్ల సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజం పనులకు పెట్టాలి. తాము పని చేసే చోటికి ముందు ఇవ్వాలని కూడా ఉంది. దాన్నే సీఎస్ఆర్ అంటారు. మన మండలంలో సోలారు పనో, హైవే పనో చేసే పెద్ద కంపెనీకి ఇది వర్తిస్తుంది. ఊరి కాంట్రాక్టరుకు వర్తించదు. ఆయన ఇచ్చేది ఆయన మంచితనం, దానికి రసీదు ఇచ్చి, దండం పెట్టి తీసుకోవాలి.

ఏది తీసుకున్నా దశబంధం లెక్క వేసుకోండి. ఒక కంపెనీ 5 లక్షలతో ఆర్వో ప్లాంటు ఇస్తామంది అనుకుందాం. తాళం పడిన ప్లాంట్లు మనం చూస్తూనే ఉన్నాం. పదో వంతు, అంటే ఇంకో 50,000 గ్రామ సంఘం పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేయమని అడగండి. నూటికి ఏడు రూపాయల వడ్డీ వేసుకున్నా ఏడాదికి 3,500 వస్తుంది. ఫిల్టరు మార్చడానికి కొంత ఆదరువు, అంతే, ఆపరేటరు జీతానికి చాలదు. కాబట్టి మిగతాది నీళ్ల మీదే రావాలి. వంద ఇండ్లు రోజుకు ఒక క్యాను రెండు రూపాయలకు తీసుకుంటే నెలకు 6,000. దాంట్లో కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం సర్దుకుంటాయా లేదా అన్నది ప్లాంటు దిగకముందే తీర్మానం పుస్తకంలో రాయాలి. సరిపోకపోతే ప్లాంటు వద్దనడానికి వెనకాడొద్దు. చందా ఇచ్చేవాళ్లు కూడా ఇలా అడిగినవాళ్లను చులకనగా చూడరు, లెక్క తెలిసినవాళ్లని అనుకుంటారు.

ఇంకొకటి, ఇది చందా కాదు, హక్కు. 1996లో పార్లమెంటు కట్టుబడి కార్మికుల చట్టం చేసింది. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి సెస్సుగా తీసి సంక్షేమ బోర్డుకు కట్టాలి. ఆ డబ్బు ప్రసూతి, ప్రమాదం లాంటి కష్టాల్లో కార్మికులకు సాయం కోసం. బేల్దారి పనిలో ఇటుకలు అందించేవాళ్లు, కంకర తట్టలు మోసేవాళ్లు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. 18 నుంచి 60 ఏండ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఇలాంటి పని చేసినవాళ్లు బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. 90 రోజుల పని చేసినట్టు రుజువు కావాలి కాబట్టి ఏ మేస్త్రీ దగ్గర, ఏ ఊర్లో, ఎన్ని రోజులు చేసినారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. కార్డు లేని సభ్యుల పేర్లు, వాళ్ల మేస్త్రీ పేరు గ్రామ సంఘం లీడర్లు వచ్చే నెల మీటింగు రిజిస్టరులో రాయించి, మండల సమాఖ్యకు ఒక కాపీ పంపాలి.