టూరింగ్ క్రూయిజర్ మోటారుసైకిలు

టూరింగ్ క్రూయిజర్ అనేది దూరప్రయాణాల కొరకు రూపొందించిన ఒక రకం మోటారుసైకిలు. దీని సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. ఫుట్‌రెస్టులు సాధారణ బండిలో కంటే ముందుకు జరిగి ఉంటాయి. హ్యాండిలు ఎత్తుగా, నడిపేవారి వైపు వంగి ఉంటుంది. అందువలన నడిపేవారు ముందుకు వాలకుండా, కుర్చీలో కూర్చున్నట్లు కూర్చుంటారు. ఇంజను అధిక వేగం కొరకు కాక, నెమ్మదిగా తిరుగుతున్నపుడే బరువును తేలికగా లాగేటట్లు తయారవుతుంది. గాలి తగలకుండా ముందు అద్దం, వెనుక కూర్చున్నవారు వీపు ఆనించుకునే దిండు, సామాను పెట్టెలు దీనికి సాధారణంగా చేర్చే అమరికలు.

చరిత్ర

ఈ ఆకృతి అమెరికాలో పుట్టింది. 1901లో మొదలైన ఇండియన్, 1903లో మొదలైన హార్లీ-డేవిడ్సన్ సంస్థలు 1930ల నుండి 1960ల వరకు తయారు చేసిన బరువైన బండ్లే దీనికి మూలం.

భారతదేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్ బండ్లను తయారు చేసింది. బుల్లెట్‌లో ఫుట్‌రెస్టులు దాదాపు నడిపేవారి కిందనే ఉంటాయి కనుక దానిని కచ్చితంగా క్రూయిజర్ అనలేము. అయినా తెలుగునాట పెద్ద బండి అనగానే మొదట గుర్తుకు వచ్చేది అదే. 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాట పెళ్ళి ఊరేగింపులలో మార్మోగడానికి ఈ అభిమానం కూడా ఒక కారణం.

కవాసాకి సహకారంతో బజాజ్ సంస్థ 2001లో ఎలిమినేటర్‌ను విడుదల చేసింది. దాని ధర ఎక్కువ కావడంతో కొన్నవారు తక్కువే. అదే ఆకృతిలో, పల్సర్ ఇంజనుతో, తక్కువ ధరకు 2005లో వచ్చిన అవెంజర్ మధ్యతరగతికి క్రూయిజర్‌ను అందుబాటులోకి తెచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2002లో థండర్‌బర్డ్‌ను, 2020లో దాని స్థానంలో మీటియోర్ 350ను, 2023లో సూపర్ మీటియోర్ 650ను విడుదల చేసింది. 2010లో భారతదేశంలో అమ్మకాలు మొదలుపెట్టిన హార్లీ-డేవిడ్సన్ 2020లో ఇక్కడి తయారీని నిలిపివేసి, అమ్మకాలను, సర్వీసింగును హీరో మోటోకార్ప్‌కు అప్పగించింది. అప్పటికే లక్షలు పోసి బండి కొన్నవారికి విడిభాగాల గురించి బెంగ పట్టుకోవడం సహజమే. ఏ సంస్థ బండి అయినా, సర్వీసింగు కేంద్రం ఎంత దూరంలో ఉందన్నది కొనేముందే చూసుకోవలసిన విషయం.

ఎంపిక: చర్లపల్లి ఉదాహరణ

క్రూయిజర్ కొనేవారు సాధారణంగా జాతీయ రహదారిని ఊహించుకుని కొంటారు. కానీ రహదారిని చేరేవరకు నడపవలసిన దారి కూడా ఎంపికను నిర్ణయిస్తుంది. హైదరాబాదు తూర్పున ఉన్న చర్లపల్లి ఇందుకు మంచి ఉదాహరణ. ఇక్కడి పారిశ్రామికవాడ లారీలకు, ట్యాంకర్లకు 2025 జనవరిలో ప్రారంభమైన రైల్వే టెర్మినల్ ప్రయాణికుల రాకపోకలు తోడయ్యాయి. నాచారం, ఉప్పల్ వాసులు వరంగల్లు వైపు వెళ్ళాలంటే ఉప్పల్ కూడలి, బోడుప్పల్ దాటవలసిందే. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ళ తరబడి సాగడంతో ఈ కొద్ది దూరమే ప్రయాణం మొత్తంలో అతి కష్టమైన భాగంగా మారింది. చర్లపల్లి వారు రాంపల్లి మీదుగా ఘట్‌కేసర్ చేరి దీనిని కొంత తప్పించుకోవచ్చు. 158 కి.మీ. బాహ్య వలయ రహదారి దగ్గరలోనే ఉన్నా, దాని ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. సర్వీసు రోడ్డే శరణ్యం.

ఇటువంటి దారిలో ఇంజను పరిమాణం కంటే బరువు, క్లచ్చి బిగువు, ఇంజను వేడి ముఖ్యమవుతాయి. మీటియోర్ 350 బరువు 191 కిలోలు, సూపర్ మీటియోర్ 650 బరువు 241 కిలోలు. తేడా సరిగ్గా ఒక బియ్యం బస్తా. రహదారిపై ఈ బరువు బండికి నిలకడనిస్తుంది. అపార్టుమెంటు సెల్లారు వాలులో బండిని వెనక్కి నెట్టవలసి వచ్చినపుడు అదే భారమవుతుంది. బండి అడుగుభాగానికి, నేలకు మధ్య మొదటిదానిలో 170 మి.మీ., రెండవదానిలో 135 మి.మీ. ఖాళీ ఉంటుంది. కాలనీలలో ఎవరికి తోచినట్లు వారు వేసుకున్న స్పీడు బ్రేకర్ల మీద ఈ 35 మి.మీ. తేడా బాగా తెలుస్తుంది.

సీటు తక్కువ ఎత్తులో ఉండడం పొట్టివారికి వరం. మీటియోర్ 350 సీటు ఎత్తు 765 మి.మీ., సూపర్ మీటియోర్ సీటు ఎత్తు 740 మి.మీ. అయితే ఈ కూర్చునే తీరులో ఒక లోపమున్నది. మామూలు బండిలో గుంత రాగానే కాళ్ళపై బరువు వేసి కాస్త లేవవచ్చు. పాదాలు ముందుకు ఉండే క్రూయిజర్‌లో అది కష్టం. కుదుపు నేరుగా వెన్నెముకకు తగులుతుంది. నడుము నొప్పి ఉన్నవారు "సోఫా లాంటి సీటు" అన్న మాట నమ్మి కొనరాదు. షోరూము చుట్టూ ఒక చుట్టు తిరిగితే ఏమీ తెలియదు. కనీసం అరగంట, అదీ వెనుక కూర్చోబోయే మనిషిని ఎక్కించుకుని నడిపి చూడాలి. వెనుక సీటు నచ్చక ఇంట్లో మూలపడిన బండ్లు తక్కువేమీ కావు.

2025 సెప్టెంబరు 22 నుండి పన్ను కూడా ఎంపికలో పెద్ద అంశమైంది. 350 సీసీ లోపు బండ్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటిపై సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్న పన్ను 40 శాతమైంది. మీటియోర్ ఇంజను 349 సీసీ. సూపర్ మీటియోర్ ఇంజను 648 సీసీ. రెండింటి ధరల మధ్య అంతరం దీనితో మరింత పెరిగింది. 80-90 కి.మీ. వేగంతో సాగే తెలంగాణ ప్రయాణాలకు 350 సీసీ సరిపోతుంది. ఇద్దరు మనుషులు, నిండు సామానుతో తరచు ఇతర రాష్ట్రాలకు వెళ్ళేవారికే పెద్ద ఇంజను అవసరం కనిపిస్తుంది.

యాజమాన్యం, సంతృప్తి

ఘట్‌కేసర్ దాటిన తరువాత క్రూయిజర్ స్వభావం బయటపడుతుంది. టాప్ గేరులో ఇంజను నిదానంగా కొట్టుకుంటుండగా, నాలుగు వరుసల దారిలో భువనగిరి ఏకశిల దూరం నుండే కనిపిస్తుంది. యాదగిరిగుట్ట, జనగామ, వరంగల్లు మీదుగా 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడికి సుమారు 210 కి.మీ. లీటరుకు 30 కి.మీ. వచ్చినా 15 లీటర్ల ట్యాంకుతో వెళ్ళి రావచ్చునన్నమాట, అయితే చివరి చుక్క వరకు ఆగడం తెలివైన పని కాదు. ఈ బండి ఇచ్చే తృప్తి ఇతరులను దాటిపోవడంలో లేదు. గుడి మెట్ల వద్ద బండి దిగినపుడు ఒళ్ళు నొప్పులు లేకుండా, చూడవలసినది చూసే ఓపిక మిగిలి ఉండడంలో ఉంది. శ్రీశైలం వెళ్ళేవారు మాత్రం నల్లమల అటవీ మార్గంలో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు రాకపోకలు నిలిపివేస్తారని గుర్తుంచుకుని బయలుదేరాలి.

చైనును సుమారు 500 కి.మీ.కు ఒకసారి శుభ్రపరచి నూనె వేయాలి. శబ్దం కొరకు సైలెన్సరు మార్చడం చట్టవిరుద్ధం. పక్కింటి పసిపిల్లలకు నిద్రాభంగం కూడా. 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనుక కూర్చున్నవారితో సహా, హెల్మెట్ తప్పనిసరి.

వాయిదాల మీద కొని, నెలకొకసారి కూడా ఊరు దాటించలేక అమ్మివేసే యజమానులూ ఉన్నారు. అటువంటి బండి తక్కువ కిలోమీటర్లు తిరిగి, కొత్తదానిలా మెరుస్తుంది. కొనేవారు ఆర్‌సీ, బీమా, అప్పు తీరినట్లు ధ్రువపత్రం చూడడంతో పాటు టైర్ల పక్కభాగంపై ముద్రించిన నాలుగు అంకెలనూ చదవాలి. వాటిలో మొదటి రెండూ టైరు తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. ఎండలో ఏళ్ళ తరబడి నిలిచి గట్టిపడిన టైరు, గాట్లు చెక్కుచెదరకుండా ఉన్నా, వానలో రోడ్డును పట్టుకోదు.