కళాశాల గడప దాకా

తెలుగు వాచకంలో ప్రతి పాఠానికీ ముందు 'కవి పరిచయం' అని నాలుగైదు వాక్యాలుంటాయి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, రచనలు, బిరుదులు, పరమపదించిన సంవత్సరం. పిల్లలు దాన్ని కంఠస్థం చేసి పరీక్షలో ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటారు. తెలుగు పండితునిగా పనిచేసినన్నాళ్ళూ నేనూ వల్లె వేయించాను. అది తప్పనిసరి. కానీ ఆ పరిచయంలో ఒక పెద్ద ఖాళీ నాకు ఎప్పుడూ కనబడుతూ ఉండేది. మొదటి వాక్యంలో కవి జన్మిస్తాడు, రెండో వాక్యంలో గ్రంథం రచిస్తాడు. ఈ రెంటికీ మధ్య పదిహేను, ఇరవై సంవత్సరాల కాలం ఏమైనట్టు? తరగతిలో నా యెదుట కూర్చున్న పిల్లలున్నది సరిగ్గా ఆ ఖాళీలోనే కదా! కవి జీవితంలో వాళ్ళకు పనికివచ్చే భాగాన్నే మనం వాళ్ళకు చెప్పకుండా వదిలేస్తున్నాం.

ఆ ఖాళీని గురించి, ఇద్దరు మహనీయులను ఆధారంగా చేసుకుని, నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట అర్థం చూద్దాం. తీరిక వేళల్లో ఇష్టంగా చేసే పనిని ఇంగ్లీషు వాళ్ళు 'హాబీ' అంటారు. మనకు 'వ్యాసంగం' అనే చక్కని మాట ఉంది. వి, ఆ అనే రెండు ఉపసర్గలు చేరిన 'సంగం' అది. సంగమంటే అంటిపెట్టుకోవడం. విడిపించినా విడివడనంత గట్టిగా ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉండడం వ్యాసంగం. 'కాలక్షేపం' వేరు. క్షేపమంటే విసరివేయడం. కాలాన్ని విసరిపారేస్తే కాలక్షేపం, కాలానికి అతుక్కుంటే వ్యాసంగం. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పిల్లవాడు ఏదో మూల కూర్చుని పరీక్షకు అక్కరలేని పని చేస్తూ ఉంటాడు. అది ఏదో తేలేది చాలా ఏళ్ళ తరువాత.

ఇక నేను చెప్పదలచిన ఇద్దరూ గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు. ఇద్దరినీ వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా మనమెరుగుదుము. విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న, తండ్రి లేని ఇద్దరు కుర్రవాళ్ళుగా వాళ్ళను ఒక్కసారి ఊహించుకోండి.

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న ఎస్.రాయవరంలో మేనమామ గారింట పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. తండ్రి వేంకట రామదాసు గారు విజయనగర సంస్థానంలో ఉద్యోగి, తల్లి కౌసల్యమ్మ గారు. పదేళ్ళ ప్రాయం దాకా చదువు చీపురుపల్లిలో. తరువాత తండ్రి పోయారు. పిల్లవాడు చదువు కోసం విజయనగరం చేరుకున్నాడు.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సీమలో, వంశధార ఒడ్డున, పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారికి చోడవరం బదిలీ అయింది. 1875లో అక్కడే విషజ్వరం వచ్చి పోయారు. అప్పటికి కుమారుడికి పన్నెండేళ్ళు. బంధువుల ఆశ్రయంలో ఉంటూ విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో ఫస్టు ఫారంలో చేరారు. అప్పారావు గారు అక్కడ ఆయనకు సహాధ్యాయి.

ఆ పాఠశాల 1857లో విజయరామ గజపతిరాజు గారు పెట్టినది. అదే 1879లో కళాశాల అయింది. అంటే మన కుర్రవాళ్ళు బడిలో ఉండగానే ఆ ప్రాంగణంలో కళాశాల వెలిసిందన్నమాట. కళాశాల గడప వాళ్ళకు రోజూ కళ్ళ ముందే ఉంది. దాటడమే అందరికీ ఒకే విధంగా సాధ్యపడలేదు.

అప్పారావు గారు వారాలు చేసుకుంటూ చదువుకున్నారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఈ తరం చదువరులకు 'వారాలు' అంటే తెలియకపోవచ్చు. బీద విద్యార్థి ఊళ్ళో ఏడిళ్ళు కుదుర్చుకుని, ఆదివారం ఒకరింట, సోమవారం మరొకరింట భోజనం చేసేవాడు. ఒక ఇంట ఆదరణ, ఒక ఇంట విసుగు. ఒక చోట వేడి అన్నం, ఒక చోట చల్ది. ఆ ఏడిళ్ళ వంటిళ్ళలో అమ్మలక్కల మాటలు, పెద్దల సణుగుళ్ళు, దాసీల దెప్పిపొడుపులు అన్నీ ఆ పిల్లవాడి చెవిన పడుతూనే ఉంటాయి. 'కన్యాశుల్కం'లో ఎవరి మాట వారిదిగా, ఎవరి యాస వారిదిగా పలికించిన నేర్పుకు మూలం ఆ విస్తళ్ళ ముందే ఉందేమోనని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే సుమా, చరిత్ర కాదు. చరిత్ర చెప్పేది ఇంతే: కళాశాల ప్రధానాధ్యాపకులు సి. చంద్రశేఖర శాస్త్రి గారు ఆ కుర్రవాడికి తమ వద్ద ఆశ్రయమిచ్చారు. అప్పటినుంచి అతనికి చదువుకునే చోటొకటి స్థిరపడింది.

మరి ఆ చోట కూర్చుని ఆ బాలుడు చేసిందేమిటి? ఇంగ్లీషులో పద్యాలల్లడం. విద్యార్థిగా ఉండగానే కోకిల మీద 'కుక్కూ' అనే చిన్న పద్యం రాశారు. 1882లో మెట్రిక్యులేషను అయింది, ఎఫ్.ఏ.లో చేరారు. మరుసటి యేడు, 1883లో, 'సారంగధర' అనే ఆంగ్ల పద్యకావ్యం 'ఇండియన్ లీజర్ అవర్' అనే పత్రికలో అచ్చయింది. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ గారు దాన్ని మెచ్చుకుని తమ పత్రికలో తిరిగి ప్రకటించారు. కళాశాలలో అడుగుపెట్టిన ఏడాదికే పరభాషలో కావ్యం పలికిందంటే, ఆ సాధన కళాశాలలో మొదలైనది కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటుంది. ఛందస్సు పరదేశానిది, కథ మన రాజమహేంద్రవరానిది. రాజరాజనరేంద్రుడు, చిత్రాంగి, సారంగధరుడు మన వీధి భాగవతాల వాళ్ళకూ, ముసలమ్మలకూ సుపరిచితులు. పిల్లవాడు బడిలో నేర్చిన భాషలో ఇంట్లో విన్న కథ చెప్పుకున్నాడు. శంభుచంద్రులు అది కనిపెట్టినట్టున్నారు. ఎంత బాగా రాసినా పరాయి భాష పరాయిదే, నీ భాషలో రాయమని ఆ యువకుడికి హితవు చెప్పారు. తెలుగు ఒక్క ముక్క రాని వంగదేశీయుడు మన మహాకవిని తెలుగువైపు మళ్ళించడం విధి చమత్కారం కాక మరేమిటి?

రామమూర్తి గారి దారి వేరు. 1879లో మెట్రిక్యులేషను ప్యాసయ్యారు. పాఠశాల కళాశాల అయిన సంవత్సరమే అది. ఆ యేడే వివాహమూ అయింది. సంసారం నెత్తిన పడ్డ కుర్రవాడికి కళాశాల యెక్కడిది? 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడయ్యారు. ఆ ఉపాధ్యాయుడి వయసెంత? పదిహేడు. నేడు ఇంటర్మీడియేటు చదివే పిల్లవాడి ఈడు. పై పరీక్షలన్నీ తరువాత కాలంలో ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా రాసి గట్టెక్కినవే.

కళాశాల అందకపోయినా వ్యాసంగం అందింది. ఇంటి దగ్గర సంప్రదాయ పద్ధతిలో సంస్కృతం చదువుకున్నారు. పర్లాకిమిడికి చేరువలోనే, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం ఉంది. తూర్పు గాంగుల నాటి ఆలయాలు. గోడల నిండా, స్తంభాల నిండా శాసనాలు. ఈ యువ ఉపాధ్యాయుడు అక్కడికి వెళ్ళి, గురువు లేకుండానే, ఆ పాత లిపి చదవడం నేర్చుకున్నారు. శాసనం చదవడమంటే అచ్చు పుస్తకం చదవడం కాదు. అక్షరాల రూపాలు శతాబ్దానికొక తీరున మారుతుంటాయి. పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు. ఎండకూ వానకూ అరిగిపోయిన చోట, సున్నం పూసిన చోట, ముందూ వెనుకా చూసి ఊహించాలి. తెలిసిన అక్షరం ఊతగా తెలియని అక్షరాన్ని పట్టుకోవాలి. ఇది చేయమని ఆయనకు పైఅధికారి ఎవరూ ఆజ్ఞాపించలేదు. చేసినందుకు జీతం పెరిగేదీ లేదు.

కానీ ఆ రాళ్ళు ఆయనకొక రహస్యం చెప్పాయి. భాష నిలిచి ఉండేది కాదు, నడిచేది. పూర్వులు రాతి మీద చెక్కించిన తెలుగుకూ, వ్యాకరణం విధించిన తెలుగుకూ తేడా కనబడుతోంది. దానికి తోడు, దగ్గరి అడవుల్లోని సవరల భాష నేర్చుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. లిపి లేని భాష నేర్చినవాడికి నోటి మాటే ఆధారం, పుస్తకం శరణ్యం కాదు. ఆ పని ఆయన జీవితమంతా సాగింది. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

తరువాత కథ మీకు తెలిసినదే. 1906 నుంచి పాఠశాలల్లో తెలుగు ఏ రూపంలో ఉండాలన్న చర్చ రేగింది. చిన్ననాటి సహాధ్యాయులిద్దరూ ఒకే పక్షాన నిలిచారు. 1914లో గ్రాంథికాన్ని వ్యతిరేకిస్తూ అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. 1915లో ఆయన పోయాక రామమూర్తి గారు ఆ భారాన్ని మోస్తూ 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. పండితులు బాలవ్యాకరణ సూత్రాలు చూపితే, ఆయన శాసనాలూ, పాత వ్యాఖ్యానాలూ, పూర్వుల వచనమూ చూపేవారు. కుర్రతనంలో ముఖలింగంలో చేసిన 'పనికిమాలిన పని' నడివయసులో ఆయుధమయింది. నేను భాషాప్రవీణకు చదివేటప్పుడు సూరిగారి సూత్రాలు కంఠస్థం చేసినవాణ్ణి. ఆ సూత్రాల అందం నాకిప్పటికీ ప్రియమే. అయినా ఆ వాదంలో రాతి సాక్ష్యానికున్న బలం ఒప్పుకోక తప్పదు.

ఇక్కడ వయసుల లెక్క ఒకటి చూడండి. అప్పారావు గారు మెట్రిక్యులేషను ప్యాసయ్యేనాటికి ఇరవై యేళ్ళు. ఈనాటి లెక్కన ఆ వయసుకు ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉండాలి. మన ఇళ్ళల్లో అలాంటి పిల్లవాడుంటే 'వెనకబడిపోయాడు' అని తల్లిదండ్రులు కుమిలిపోతారు. ఆ వెనకబడిన కాలంలోనే 'సారంగధర' తయారయింది. నేడు పదో తరగతి పరీక్షలు కాగానే, ఫలితాలు రాకముందే, పిల్లల్ని వసతి కళాశాలల్లో చేర్పిస్తున్నాం. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా గంటకొక చదువు. ఆదివారం పరీక్ష. ఆ దినచర్యలో కోకిల కూయడానికి గానీ, రాతి మీద అక్షరం కనబడడానికి గానీ ఎడమేదీ?

పేదరికాన్ని పొగుడుతున్నానని అనుకోవద్దు. వారాల అన్నంలో గొప్పతనమేమీ లేదు. తండ్రి పోవడం వల్ల ఎవరూ కవి కారు. అలా చదువాగిపోయి, పేరు కూడా మిగలని పిల్లలు వేలమంది. ఈ ఇద్దరికీ దక్కినవి మూడున్నాయి. చదువుకునేందుకు ఒక నీడ, అజమాయిషీ లేని కొంత తీరిక, తాము చేసినదాన్ని ఇష్టంతో చూసే మనిషి ఒకరు. అప్పారావు గారికి చంద్రశేఖర శాస్త్రి గారు నీడ, శంభుచంద్రులు చదువరి. ఈ మూడూ డబ్బుతో కొనేవి కావు. అందుకే మనం పిల్లలకు ఇవ్వగలిగినవి కూడా ఇవే.

కళాశాల గడప దగ్గరి విద్యార్థిని అప్పారావు గారు 'కన్యాశుల్కం'లో కూడా చిత్రించారు. అతడే వెంకటేశం. అతడికీ తీరిక ఉంది, ఒక గురువూ ఉన్నాడు. ఆ గిరీశం నేర్పిన వ్యాసంగం చుట్ట కాల్చడం! కరటక శాస్త్రి పద్యానికి అర్థం అడిగితే వెంకటేశం తెల్లమొగం వేస్తాడు. అదే విజయనగరం, అదే ఇంగ్లీషు చదువు. ఒకడి తీరిక వ్యాసంగమైంది, మరొకడిది పొగయింది. తాను కాకుండా తప్పించుకున్న రూపాన్నే ఆ మహాకవి నవ్వుతూ మనకు చూపించారని నేననుకుంటాను. తీరిక ఒక్కటే చాలదు, పక్కనున్న పెద్దవాడెవరన్నది కూడా ముఖ్యమే.

కాబట్టి మిత్రులారా, మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ళ పిల్లలుంటే, వాళ్ళు పరీక్షకు అక్కరలేని పనేదైనా చేస్తుంటే, కసరబోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. పక్కన కూర్చుని, అదేమిటో చూపించమని అడగండి. పూర్తిగా అర్థం కాకపోయినా వినండి. వాళ్ళ చేతిలో ఉన్నది క్షేపమో సంగమో ఆ కాసేపట్లో తేలకపోవచ్చు. కానీ వినేవారొకరున్నారన్న ధైర్యం మాత్రం వాళ్ళకు మిగులుతుంది.