ఎర్ర బురద: సిమెంటులో వినియోగం

బాక్సైటును వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి అల్యూమినాను రాబట్టే బేయర్ పద్ధతిలో అడుగున మిగిలే వ్యర్థమే ఎర్ర బురద. టన్ను అల్యూమినాకు సుమారు 1 నుంచి 1.5 టన్నుల దాకా వస్తుంది. ఐరన్ ఆక్సైడ్ వల్ల దీనికి ఆ రంగు. 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్కా దగ్గర నిల్వ చెరువు గట్టు తెగి పది మంది చనిపోయాక గానీ లోకం దీన్ని గట్టిగా పట్టించుకోలేదు.

సిమెంటు కొలిమికి ఇనుము, అల్యూమినా ఎలాగూ కావాలి. 1450 డిగ్రీల దాకా వేడెక్కే క్రమంలో అవి సున్నంతో కలిసి ఫెర్రైట్ వంటి సమ్మేళనాలుగా మారి, కరిగి, క్లింకర్ (సిమెంటు గడ్డలు) తేలిగ్గా ఏర్పడేందుకు తోడ్పడతాయి. అందుకే ముడిపొడిలో లాటరైటుకు బదులు ఎర్ర బురదను కొద్ది శాతం కలుపుతారు. అసలు చిక్కు బురదలో మిగిలే సోడాతోనే. క్షారం ఎక్కువైతే కొన్ని రకాల కంకరతో చర్య జరిగి కాంక్రీటు పగుళ్లిస్తుంది. పైగా బురదలోని నీరు పిండాలి, దూరాలకు మోయాలి. ఖర్చు లెక్క తరచూ ఇక్కడే తప్పుతుంది.

ఉదాహరణకు, విశాఖ రేవు నుంచి ఎగుమతయ్యే నాల్కో సంస్థ అల్యూమినా ఒడిశాలోని దామన్‌జోడిలో తయారవుతుంది. బురద మాత్రం చాలావరకు అక్కడి చెరువుల్లోనే ఉండిపోతుంది.