చంటిబిడ్డకు దొడ్డి రాకపోతే ఏం చేయాలి?

ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీకో గోడౌన్‌కో వెళ్లిన మనిషి రాత్రికి గాని ఇల్లు చేరడు. అబూ హమూర్ ఫ్లాట్‌లో చంటిబిడ్డతో తల్లి ఒక్కతే. బిడ్డ నాలుగు రోజులుగా దొడ్డికి వెళ్లలేదంటే మొదటి ఫోన్ ఊళ్లో ఉన్న అమ్మకే. అటునుంచి వచ్చే సలహా మనకు తెలిసిందే: తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టు, వస అరగదీసి నాకించు.

ఆ పని చేసేముందు డైపర్ సంగతి ఆలోచించండి. తల్లిపాలే తాగే బిడ్డ మొదటి నెలలో రోజూ, చాలాసార్లు వెళ్తుంది. అప్పుడు వెళ్లకపోతే పాలు చాలడం లేదేమో చూపించాలి. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు తడి డైపర్లైనా ఉండాలి. ఆరు వారాలు దాటాక వారం వరకు వెళ్లకపోయినా, వచ్చినప్పుడు మెత్తగా వస్తూ బరువు పెరుగుతుంటే అది మలబద్ధకం కాదు. పాలు దాదాపు అంతా ఒంటికి పట్టేస్తాయి.

మొహం ఎర్రబడేలా పది, ఇరవై నిమిషాలు ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగా వెళ్లే పిల్లలూ ఉన్నారు. పొట్ట బిగించేటప్పుడు కింద కండరాన్ని వదులు చేయడం వాళ్లకింకా అలవాటు కాలేదు, అంతే. కొన్ని వారాల్లో అదే వస్తుంది. కాడ పెట్టొద్దనేది ఇందుకే: ప్రతిసారీ అలా చేస్తే ఆ అలవాటు ఆలస్యమవుతుంది, లోపల గీసుకుపోవచ్చు కూడా.

మేక పెంటికల్లా గట్టిగా వస్తేనే అసలు మలబద్ధకం. ఇది డబ్బాపాల పిల్లల్లో ఎక్కువ. ముందు నీళ్లు కొలవాలి, తర్వాత పొడి, డబ్బాలోని స్పూనుతోనే, గీసినట్టు సమంగా. బలమని ఇంకో అర స్పూను కలిపితే చిక్కు అక్కడే మొదలవుతుంది.

బయట 45 డిగ్రీలున్నా ఆరు నెలల్లోపు బిడ్డకు విడిగా నీళ్లు అక్కర్లేదు, పాలే తరచుగా పట్టండి. తేనె ఏడాది నిండేదాకా ముట్టించొద్దు. దానివల్ల వచ్చే బొటులిజం అనే జబ్బుకు తరచుగా మొదటి గుర్తు మలబద్ధకమే. ఆముదం, వస, గ్లిజరిన్ బిళ్లలు డాక్టరు చెప్పకుండా వద్దు. పెద్దవాళ్లతో వాదన తప్పదు మరి.

కాళ్లు సైకిల్ తొక్కించినట్టు ఆడించడం, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా రాయడం, గోరువెచ్చని స్నానం, ఇవి నిరభ్యంతరంగా చేయొచ్చు. అమ్మమ్మలు కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానంలో ఇవన్నీ ఉన్నాయి. ముక్కులో నూనె చుక్కలు మాత్రం మానేయాలి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పుట్టిన 48 గంటల్లో నల్లటి తొలి దొడ్డి రాకపోయినా, ఆకుపచ్చ వాంతి, ఉబ్బిన పొట్ట, దొడ్డిలో రక్తం, 38 డిగ్రీల జ్వరం కనిపించినా, బిడ్డ పాలు మానేసి నీరసంగా వేలాడినా ఆగొద్దు. దగ్గరే కదా అని ఇండస్ట్రియల్ ఏరియాలోని హజ్మ్ మెబైరీక్ ఆసుపత్రికి పరుగెత్తకండి, అది ముఖ్యంగా మగ కార్మికుల కోసం పెట్టింది. అల్ సద్ద్ పిల్లల ఎమర్జెన్సీకి గాని సిద్రాకు గాని వెళ్లండి. బండి లేకపోతే 999. డైపర్ ఫొటో ఒకటి తీసుకెళ్తే డాక్టరుకు సగం సంగతి అర్థమవుతుంది.