ఔత్సాహిక క్రీడాసంఘం – జీవనం, పోటీ: హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశకాలలో దేశంలోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ జట్లలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఒకటి. నియమావళి దృష్టిలో అది ఔత్సాహిక జట్టు, ఆటగాళ్ళు జీతగాళ్ళు. ఈ రెండు స్థితుల నడుమ ఆ జట్టు ఎట్లా మనుగడ సాగించింది, ఏ పోటీలలో ఎట్లా నెగ్గింది, ఎందుకు వెనుకబడింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఔత్సాహికత గురించి రగ్బీ క్రీడాలోకంలో నూరేళ్ళు సాగిన వివాదాన్ని పోలికకు స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఔత్సాహికత, హైదరాబాద్ సిటీ పోలీస్, సయ్యద్ అబ్దుల్ రహీం, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్, రగ్బీ, పాలమూరు.

1. ఉపోద్ఘాతం

ఆటల చరిత్రను విజయాల పట్టికగా చూడటం మనకు అలవాటు. ఎవరు ఏ కప్పు గెలిచారో చెప్పి ఊరుకొంటాం. గెలిచినవాడు ఆ రోజు ఉదయం ఏ పనిచేశాడు, ఆటస్థలానికి ఎట్లా చేరాడు, అతని ఇంటి ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్నలు పట్టికలో ఇమడవు. క్రీడాసంఘాన్ని సామాజిక సంస్థగా అర్థం చేసుకోవాలంటే మాత్రం ఈ ప్రశ్నలే ముందు అడగాలి. తెలుగునాట రగ్బీ వేళ్ళూనలేదు. దాని తోబుట్టువైన ఫుట్‌బాల్ హైదరాబాద్‌లో వేళ్ళూనడమే కాక దేశానికి దారి చూపింది. అందువల్ల ఔత్సాహిక సంఘ జీవనాన్ని పరిశీలించడానికి ఈ నగరపు పోలీసు జట్టు తగిన ఉదాహరణ అవుతుంది.

2. 'ఔత్సాహికత' – రగ్బీ చెప్పే పాఠం

ఇంగ్లండులో 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు బంతిని చేత పట్టి పరుగెత్తవచ్చునా, ప్రత్యర్థి కాలిని తన్నవచ్చునా అన్న చర్చలో దారులు చీలాయి. చేతి ఆట కోరినవారు 1871లో రగ్బీ యూనియన్‌గా సంఘటితులయ్యారు. ఆ ఆట భారతదేశానికి వెంటనే వచ్చింది. 1873లో ఏర్పడిన కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ రగ్బీ ఆడేది. కొద్ది ఏళ్ళకే ఆడే సైనికదళం బదిలీపై వెళ్ళిపోయింది; పోలో, టెన్నిస్‌ల వైపు మొగ్గు పెరిగింది; క్లబ్బులో ఉచిత పానీయాలు ఆగిపోయాక సభ్యులూ పలచబడ్డారు. మిగిలిన సభ్యులు బ్యాంకులో ఉన్న నిధిని వెండి రూపాయలుగా తీసుకొని, కరిగించి, ఒక కప్పు చేయించి లండనుకు పంపారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు పోటీపడుతున్న 'కలకత్తా కప్' అదే. ఊరిలో పుట్టని క్లబ్బు ఊరిలో నిలవదనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

రగ్బీ యూనియన్ ఔత్సాహికతను మతంలా పాటించింది. ఉత్తర ఇంగ్లండులోని గని, మిల్లు కార్మికులు శనివారపు ఆటకోసం పని మానుకొంటే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని క్లబ్బు చెల్లించడానికి అనుమతించాలని వారు కోరారు. యూనియన్ నిరాకరించింది. 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరు సంఘం పెట్టుకొన్నాయి. మాతృసంస్థ వృత్తి ఆటను అంగీకరించడానికి 1995 వరకూ, అంటే సరిగ్గా నూరేళ్ళు పట్టింది. డబ్బు తీసుకోకుండా ఆడటం అన్న ఆదర్శం వెనుక, డబ్బు అవసరం లేనివాడే ఆడాలన్న షరతు దాగి ఉందని ఈ వివాదం తెలియజేస్తుంది. ఇదే ప్రశ్నకు హైదరాబాద్ వేరే జవాబు వెదకుకొన్నది.

3. సంఘ నిర్మాణం – ఖాకీ నీడలో

హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. క్రికెట్, టెన్నిస్ రెండింటా పేరుగాంచిన సయ్యద్ మహమ్మద్ హాదీ దాని తొలి సారథి. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి సైనిక స్థావరాలలో బ్రిటిష్ పటాలాలు ఆడిన ఆటను చూసి, వాటితో ఆడి, స్థానిక యువకులు నేర్చుకొన్నారు. ఈ వాతావరణంలో పోలీసు శాఖ జట్టు రూపుదిద్దుకొన్నది.

శాఖ చేసిన ఏర్పాటు సులభమైనది. బాగా ఆడే యువకుడికి పోలీసు ఉద్యోగం ఇస్తారు. అతని జీతం ఉద్యోగానికే గాని ఆటకు కాదు. కనుక నియమావళి ప్రకారం అతడు ఔత్సాహికుడే. అయితే సాధన చేయడానికి వీలు, పోటీల కాలంలో సెలవు, వయసు మళ్ళిన తరువాత పింఛను అతనికి దక్కుతాయి. ఇంగ్లండు కార్మికుడు అడిగి పొందలేకపోయిన 'పనిమానిన పూట కూలి' ఇక్కడ ఉద్యోగ రూపంలో లభించింది. సైన్యం, రైల్వేలు మొదలైన సంస్థలు దేశమంతటా అనుసరించిన పద్ధతి కూడా ఇదే. దీనిని కేవలం కపటంగా కొట్టివేయలేం. పేద ఇంటి పిల్లవాడు ఆటగాడుగా బతకడానికి ఆనాడు ఉన్న దారులలో ఇది ముఖ్యమైనది.

4. రహీం – ఒక ఉపాధ్యాయుని శిక్షణ

ఈ నిర్మాణానికి ప్రాణం పోసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. నలభైలలో అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి మరణించేవరకూ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. అదే కాలంలో భారత జట్టు బాధ్యతనూ వహించాడు.

రహీం పద్ధతిలో బోధనాశాస్త్రం కనిపిస్తుంది. యువకుల చేత బంతిని కాలివద్ద ఉంచుకొని ప్రత్యర్థులను దాటుకుపోవడం నిషేధించిన పోటీలు ఆడించాడు. అందువల్ల బంతి అందగానే తోటివాడికి అందించక తప్పదు. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో మరికొన్ని ఆటలు ఆడించాడు. ఉపాధ్యాయుడు వాచకంలోని కఠిన పాఠాన్ని ఆటగా మలిచినట్లే ఈ పద్ధతి ఉన్నది. వ్యక్తి చాతుర్యం కన్న చిన్న చిన్న అందింపులు, స్థానాల మార్పిడి జట్టుకు బలమయ్యాయి. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4-2-4 అమరికను అంతకు ముందే రహీం తన జట్లలో ప్రయోగించాడని క్రీడాచరిత్రకారులు పేర్కొంటారు.

5. పోటీలు – విజయక్రమం

ఆనాడు దేశవ్యాప్త ప్రతిష్ఠ గల పోటీలలో రెండు ముఖ్యమైనవి. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో, రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలయ్యాయి. రెండూ తొలుత బ్రిటిష్ పటాలాల సొంత వేడుకలు. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ రోవర్స్ కప్పునూ, 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్ డ్యూరాండ్ కప్పునూ గెలిచి ఆ కోటలను ఛేదించాయి.

సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1957, 1960, 1963లలో మళ్ళీ గెలిచి, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకొన్నది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961లలో సాధించింది. వీటిలో 1950 ఫైనల్లో మోహన్ బగాన్‌నూ, 1957లో ఈస్ట్ బెంగాల్‌నూ ఓడించింది. 1952, 1956 ఫైనళ్ళలో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. రహీం శిక్షణలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి హైదరాబాద్ రాష్ట్రం లేకుండాపోయినా, మైదానంలో ఆ పేరు ఇంకా గెలుస్తూనే ఉంది.

ఈ విజయాల కాలక్రమం గమనార్హం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన ముగిసింది. సైనిక పాలన వచ్చింది. నగర సమాజం అభద్రతతో తల్లడిల్లింది. ఆ తరువాత రెండేళ్ళకే, ముస్లిములు, క్రైస్తవులు, హిందువులు కలిసి ఆడిన జట్టు బొంబాయిలో కప్పు ఎత్తింది. దీనిని రాజకీయ సమాధానంగా చిత్రించడం అతిశయోక్తి అవుతుంది. అయితే, కొత్త పాలనలో తనకు స్థానం ఉందా అని సందేహించే పౌరుడికి ఆ జట్టు ఒక జవాబుగా నిలిచి ఉంటుందని ఊహించడానికి వీలుంది.

భారత జట్టుకు కూడా ఈ సంఘం ఆటగాళ్ళను అందించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మొదలైనవారు ఇక్కడివారే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్ళు పలువురు బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు మెల్బోర్న్‌లో అదే భారత జట్టు నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు.

6. ఆటగాడి జీవనం – తులసీదాస్ బలరాం ఉదాహరణ

సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం (మరణం 2023) తన బాల్యం గురించి చెప్పిన మాటలు ఔత్సాహికతకు అసలు అర్థం తెలుపుతాయి. పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో ఆట బూట్లు కుట్టమని చెప్పులు కుట్టే అతణ్ణి అడిగితే, అతడు రెండు రూపాయలు కోరాడట. ఆ రెండు రూపాయలకోసం తల్లిని బతిమాలవలసి వచ్చింది. రహీం సాధనకు పిలిచినప్పుడు నగరంలోకి వచ్చిపోయే స్తోమత లేదని బలరాం చెప్పగా, రహీం సైకిలు ఏర్పాటు చేశాడు. దేశం గర్వించిన ముందువరుస ఆటగాడి జీవితం ఒక జత బూట్ల మీద, ఒక సైకిలు మీద ఆధారపడింది. ఆ రెండింటికీ ఏ నిబంధనావళిలోనూ పద్దు లేదు. ఒక తల్లి, ఒక ఉపాధ్యాయుడు ఆ లోటు పూడ్చారు.

బలరాం 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఈ వలస అంతకుముందే మొదలైంది. నలభైల చివర ఈస్ట్ బెంగాల్‌లో 'పంచపాండవులు'గా పేరొందిన ముందువరుసలో కాకినాడకు చెందిన అప్పారావు ఒకరు. అరవైలలో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. కలకత్తా క్లబ్బులు కూడా పేరుకు ఔత్సాహికమైనవే. అయితే అక్కడ వేలాది అభిమానుల ఆదరణ, దానితోపాటు మెరుగైన ఆదాయం ఉండేవి. పోలీసు ఉద్యోగం భద్రత ఇవ్వగలదు గాని ఈ ఆకర్షణతో పోటీపడలేదు.

7. నగరం – జిల్లా: పాన్‌గల్ వైపు నుంచి చూస్తే

ఈ చరిత్రలో వినిపించే పేర్లు చాలావరకు నగరానికీ, కంటోన్మెంటుకూ చెందినవి. అదే నిజాం రాజ్యంలో ఉన్న పాలమూరు ప్రాంతం, గద్వాల, వనపర్తి సంస్థానాల సీమ, ఈ కథలో కనబడదు. ఇప్పటి వనపర్తి జిల్లాలో కొండకోట నీడన ఉన్న పాన్‌గల్ వంటి ఊళ్ళకు పటాలమూ రాలేదు, మైదానమూ రాలేదు. అక్కడి యువకుల ఆట చెడుగుడు. ఊపిరి బిగబట్టి వెళ్ళడం, పట్టుబడితే గీత దాకా ఈడ్చుకురావడం, నలుగురు కలిసి ఒకణ్ణి కింద పడవేయడం – ఈ గుణాలను బట్టి చూస్తే రగ్బీకి సన్నిహితమైన దేశీయ క్రీడ ఫుట్‌బాల్ కాదు, చెడుగుడే. దానికి బూట్లు అక్కరలేదు, బంతి అక్కరలేదు. దున్నిన చెల్క చాలు. ఖర్చు లేని ఆట ఊరికి దక్కింది. ఉద్యోగమిచ్చే ఆట నగరానికి దక్కింది. పాన్‌గల్‌లో రహీం వంటి ఉపాధ్యాయుడు లేడని అనలేం. ఉన్నా, అతని శిష్యుణ్ణి చేర్చుకొనే శాఖ దగ్గరలో లేదు.

8. క్షీణదశ

1960 నాటికి జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడుతున్నది. 1963 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఆ ట్రోఫీ తెలుగు రాష్ట్రాలకు రాలేదు. రహీం మరణాన్ని క్షీణతకు ఏకైక కారణంగా చెప్పడం పరిపాటి. అది సగం నిజం. ఒక మనిషి మరణంతో కూలిన వ్యవస్థ అంతకు ముందు ఎంతగా ఆ మనిషిమీదనే ఆధారపడిందో కూడా చెప్పాలి. శాఖ ఉద్యోగాలిచ్చింది గాని శిక్షకుల పరంపరను పెంచలేదు. ఆటగాళ్ళను ఆకర్షించింది గాని నిలుపుకోలేకపోయింది. నగరం దాటి జిల్లాలకు విస్తరించలేదు.

9. ముగింపు

– ఔత్సాహికత ఆర్థిక స్థితికి అతీతమైన ఆదర్శం కాదు. రగ్బీలో అది కార్మికుణ్ణి బయటకు నెట్టింది. హైదరాబాద్‌లో పోలీసు ఉద్యోగం ద్వారా పేదవాణ్ణి లోపలికి రానిచ్చింది.
– సిటీ పోలీస్ విజయాలకు ఉద్యోగభద్రత, ఉపాధ్యాయుని శిక్షణ, కంటోన్మెంటు వాతావరణం మూడూ కారణాలు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ చాలలేదు.
– జిల్లాలను విడిచిపెట్టడం వల్ల జట్టుకు కొత్త రక్తం అందే దారి ఇరుకైంది.

2025లో తొలిసారి జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఆడింది. పోటీలన్నీ ముంబైలోనే జరిగాయి. పేరు ఒక ఊరిది, మైదానం మరొక ఊరిది. వెండి రూపాయలు కరిగించి కప్పుచేసి పంపిన కలకత్తా క్లబ్బు కథ ఇక్కడ మళ్ళీ గుర్తుకు వస్తుంది. క్రీడాసంఘం నిలవాలంటే దాని చుట్టూ ఒక ఊరు ఉండాలి; ఆ ఊరిలో పిల్లవాడికి సైకిలు ఏర్పాటు చేసే ఉపాధ్యాయుడు ఉండాలి; అతణ్ణి ఆదుకొనే సంస్థ ఉండాలి. హైదరాబాద్ ఆ మూడింటినీ కొన్నేళ్ళపాటు ఒకచోట చేర్చగలిగింది. పాన్‌గల్ వంటి ఊళ్ళకు అవి ఎప్పుడు, ఏ రూపంలో చేరాయి, ఎందుకు చేరలేదు అన్నది తెలుగు క్రీడాచరిత్ర పరిశోధకులు జిల్లా స్థాయిలో చేపట్టవలసిన పని.