జూరాల కరెంటు ఎవరి పుణ్యం?

గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య కృష్ణమీద జూరాల డ్యాముకు 1981లో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడక్కడ 39 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. కరెంటు పుట్టించేది అయస్కాంతమే అనుకుంటాం గానీ, నన్నడిగితే అది మధ్యవర్తి మాత్రమే! 1831లో ఫారడే తేల్చిందీ అదే: తీగచుట్టలో అయస్కాంతం కదిలితేనే కరెంటు, ఊరికే ఉంటే సున్నా. జూరాలలో కదిలించేది గురుత్వాకర్షణతో కిందికి దూకే నీరు. ఆ నీటిని ముందు ఆవిరిగా పైకెత్తింది సూర్యుడు.

నీరు పల్లమెరుగు అంటారు. నది పక్కనే పారుతున్నా మిట్టనున్న పాలమూరు పొలాలు ఎండడానికి, జనం వలసపోవడానికి అదీ ఓ కారణం. గురుత్వం లాగుతుందే తప్ప నెట్టదు. అయస్కాంతం ధ్రువం మారిస్తే నెడుతుంది కూడా. మోటారు తిరిగేది ఆ కిటుకుతోనే. నాగర్‌కర్నూలు జిల్లా ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల మోటార్లు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ను అలాగే పైకి తోడతాయి. కాకపోతే ఎంత ఎత్తితే అంత కరెంటు కట్టాల్సిందే. ఈ లెక్కలో ప్రకృతి డిస్కౌంటివ్వదు మరి!